టీచరమ్మగారి ఖాళీ చోటు

ఇందులో రాసిన ప్రతి ముక్కా నిజం. మా ఆవిడ తల మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేద్దామని వంటింట్లోకి వెళితే, చెయ్యి తీసి మాట్లాడమంది. అందుకని నా తల మీదే పెట్టుకుని చేస్తున్నాను. మా సందులో నన్ను కోతలరాయుడు అంటారు. అది గిట్టనివాళ్ళు పెట్టిన పేరు. నేను జరిగినదానికి కాస్త గాలి కొట్టి చెబుతాను తప్ప జరగనిదాన్ని ఎన్నడూ చెప్పలేదు. ఇవాళ ఆ గాలి కూడా కొట్టను.

మొన్న కారు బయటికి తీస్తూ ఏసీ వేశాను. వరసగా ఏడు తుమ్ములొచ్చాయి. ఏడో తుమ్ముకి టీచరమ్మగారు గుర్తొచ్చారు. ఆవిడకీ ఆ తుమ్ములకీ ఉన్న సంబంధం తర్వాత చెబుతాను. ముందు మనిషిని చూడండి.

మాది గుంటూరులో మిర్చి యార్డుకి పోయే రోడ్డు పక్కన ఒక సందు. సందులో నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు, దాని కింద సెల్లారు. సెల్లారంటే బండ్లు పెట్టుకునే చోటని మునిసిపాలిటీ వాళ్ళు పాసు చేసిన ప్లానులో ఉంటుంది. మా దగ్గర దాని అర్థం వేరు. కోళ్ళు విరిగిన మంచాలు, తిరగని కూలర్లు, పత్తి తీసే రోజుల్లో ఎవరి పొలం నుంచో దిగిన బోరాలు, మాఘమాసం దాటితే మిరపకాయల టిక్కీలు, అన్నీ అక్కడే. టిక్కీ అంటే కాయలు తొక్కి కుట్టిన గోతాం. మరి కార్లో? కార్లు రోడ్డు మీద ఎండుతుండేవి. ఊళ్ళో పొలం ఉంచుకుని పట్నంలో ఫ్లాటు కొన్నవాడికి, ఇంటి కింద కాస్త చోటు కనపడితే కల్లమే గుర్తొస్తుంది గాని కారు గుర్తురాదు.

అలాంటి సెల్లారులోకి టీచరమ్మగారు దిగారు.

మొదటి అంతస్తులో ఫ్లాటు కొనుక్కుని వచ్చారు, ఒక్కరే. మిషను హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయిన మనిషి. పొట్టిగా, బిగువుగా ఉండేవారు. నేత చీర కుచ్చెళ్ళ కింద తెల్లటి క్యాన్వాస్ బూట్లు. మెడలో నల్లతాడుకి ఈల. ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు మాత్రం ఆ ఈల తీసి బైబిలున్న సంచిలో వేసుకునేవారు. పూర్తిగా ఇంట్లో వదిలెయ్యడానికి మనసొప్పేది కాదనుకుంటాను.

వచ్చిన వారానికే చిల్లులు పెట్టిన పాలడబ్బాలో సున్నం పోసుకుని, సెల్లారు నేలంతా కబడ్డీ కోర్టు గీసినట్టు గీతలు గీశారు. ఎవరి ఫ్లాటుకి ఏ గడో అందరినీ పిలిచి చూపించారు. రూల్సు కాగితం మీద రాయలేదు. రాస్తే చదివి మర్చిపోతారనీ, నోటితో చెబితే తిట్టుకుంటూ అయినా గుర్తుపెట్టుకుంటారనీ ఆవిడ లెక్క. బండి ముఖం గేటు వైపే ఉండాలి. హ్యాండ్ బ్రేకు వెయ్యకూడదు, న్యూట్రల్లో వదలాలి. అవసరమొస్తే ఎవరైనా తోసుకునేట్టు ఉండాలి. గడిలో బండి తప్ప సామాను ఉండకూడదు. చక్రం గీత దాటితే ఆ బండివాడు అవుట్. అవుటయినవాడు ఆరోజు సెల్లారు చిమ్మాలి.

చిమ్మారా అని అడగండి. బ్యాంకు మేనేజరు చిమ్మాడు. పత్తి మిల్లు భాగస్తుడు చిమ్మాడు. నేను ఎక్కువసార్లు చిమ్మాను.

ఆ ఈల సంగతి చెప్పాలి. ఒకసారి ఎవరో కారు వెనక్కి తీస్తూ స్తంభానికి కొట్టబోతుంటే ఆవిడ ఈల వేశారు. మెయిన్ రోడ్డు మీద పోతున్న బస్సు ఆగిపోయింది. కండక్టరు తను వెయ్యలేదంటాడు, డ్రైవరు విన్నానంటాడు. ఎక్కేవాళ్ళు ఎక్కేశారు. సందులో గేదెలు సైతం ఆవిడ బూట్ల చప్పుడు వింటే ఎడమ పక్కకి తప్పుకునేవి. నమ్మకపోతే మీ ఇష్టం, నేను ప్రమాణం చేసే మొదలుపెట్టాను.

సెల్లారు ఖాళీ చేయించిన రోజున నా వంతు వచ్చింది. నా గడి వెనక, గోడ వారగా పట్టా కప్పిన మా నాన్న స్కూటరు ఉంది. ఆవిడ పట్టా ఎత్తి చూశారు.

"నడుస్తుందా?"

"నడిచేదండీ."

"కదలని బండి బండి కాదయ్యా, సామాను. తీసెయ్యి."

అప్పుడు నాకు తెలిసిన ఒకే విద్య ప్రయోగించాను. మా నాన్న ఆ స్కూటరు మీద పొలానికి ఎలా వెళ్ళేవాడో చెప్పాను. ముందర మందు డ్రమ్ము, వెనక మా అమ్మ, అమ్మ ఒళ్ళో అప్పుడే పుట్టిన దూడ, వీటన్నిటినీ వేసుకుని వాగు దాటేవాడన్నాను. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని మొత్తం విన్నారు.

"దూడ కూడానా?"

"దూడ కూడానండీ."

ఆవిడ స్కూటరు చుట్టూ ఒక చుట్టు తిరిగారు. సీటు మీద దుమ్ము వేలితో గీసి చూశారు. "అయితే ఆదివారం ఆదివారం మూడడుగులు ముందుకి, మూడడుగులు వెనక్కి తొయ్యి. కదిలితే బండే" అన్నారు.

అప్పట్నుంచీ స్కూటరుని తన గడి పక్కన పెట్టించుకుని, ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే సంచిలోంచి ఈల తీసేవారు. ఒక ఈలకి తొయ్యాలి. మూడూ మూడూ అడుగులయ్యాక ఇంకో ఈల. ఆ రెండో ఈల పడితేగాని నేను స్టాండు వెయ్యకూడదు. మా ఆవిడ బాల్కనీలోంచి చూసి నవ్వేది. మా నాన్న పోయాక ఆయనకి అంత క్రమం తప్పకుండా నేను చేసిన పని అదొక్కటే.

అన్నట్టు, తన గడి అన్నాను కదా. ఆవిడకి బండి లేదు. సైకిలు కూడా లేదు. గేటు పక్కన అందరికంటే మంచి గడి ఆవిడది, అది ఖాళీగా ఉండేది. పై అంతస్తు కాంట్రాక్టరు గారికి రెండు కార్లు. ఆ ఖాళీ ఆయన కంట్లో నలుసులా ఉండేది. ఒకరోజు సెల్లారులోనే నిలబెట్టి అద్దెకి అడిగాడు. ఆవిడ ఆయన కొత్త కారు వైపు చూశారు, తన గడి వైపు చూశారు.

"కోర్టు నిండా మనుషులుంటే అది ఆట కాదండీ, సంత. ఈ ఖాళీ ఉంది కాబట్టే మీ బండి తిరుగుతోంది."

ఆ మాట నిజమే. ఎవరు కారు తీయాలన్నా ఆ గడిలోకి ముక్కు పెట్టి తిప్పుకోవలసిందే. కాంట్రాక్టరు గారికి మాత్రం కోపం వచ్చింది. ఆ కోపంతో ఒక్క రూలుకి ఎదురు తిరిగాడు. హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి పెట్టేవాడు. లక్షలు పోసి కొన్న కారుని ఊళ్ళోవాళ్ళు తొయ్యడమేమిటని ఆయన బాధ. టీచరమ్మగారు ఆయన్ని అవుట్ అనేవారు. ఆయన వినపడనట్టు లిఫ్టు ఎక్కేవాడు. చీపురు ముట్టని మనిషి మా అపార్ట్‌మెంటులో ఆయనొక్కడే.

ఆవిడ పోయాక కూడా ఆ గడి ఖాళీగానే ఉంది. ఎవరూ బండి పెట్టరు. పెట్టబుద్ధి కాదు.

ఇక తుమ్ముల సంగతికి వస్తాను. కొన్నేళ్ళ కిందట, మంచి సీజనులో, యార్డుకి వరసగా సెలవులొచ్చాయి. సెలవులని తెలిసీ రైతులు వస్తారు, ముందు వరసలో ఉందామని. రోడ్డుకి రెండు పక్కలా ట్రాక్టర్లు నిలబడిపోయి, ఆ తోక మా సందులోకి తిరిగింది. దర్శి వైపు రైతు ఒకాయన తన ట్రాక్టరు ట్రక్కుని సరిగ్గా మా గేటుకి అడ్డంగా, ర్యాంపు మీదికి ఎక్కించి ఆపాడు. టీచరమ్మగారు దిగారు.

"ఏమయ్యా, ఇది గేటు. కనపడట్లా?"

"కనపడతానే ఉందమ్మా. ముందుది కదలట్లా, వెనకది కదలట్లా. దీన్ని నెత్తిన పెట్టుకోమంటారా?"

ఆవిడ ఈల నోట్లో పెట్టుకున్నారు. ముందున్న ట్రాక్టర్లని ఒక్కొక్కటిగా జరిపించారు. ఈయన ట్రక్కుని ఈలల మీద ముందుకీ వెనక్కీ ఆడించి, గోడ వారకి సూదిలా దూర్చారు. గేటు తెరుచుకుంది. ఆయన తలపాగా విప్పి మొహం తుడుచుకుంటూ, మా ఊళ్ళో డ్రైవింగు స్కూలు పెట్టకూడదా అమ్మా అని వేళాకోళమాడాడు. ఆవిడ అవుట్ కాకుండా నిలబడినవాళ్ళతో ఎలా మాట్లాడతారో అలా, కాస్త నవ్వు మొహంతో ఏ ఊరని అడుగుతున్నారు. నేను గేటు దగ్గరే ఉన్నాను.

మాట మధ్యలో ఆయన ఆగిపోయాడు. పడమట ఆకాశం కాటుక పెట్టినట్టయింది. దుమ్ము లేచింది. ఆయన ట్రక్కు మీది పట్టా వైపు చూశాడు. అది సగం టిక్కీలకే చాలుతుంది, ఆ సగంలోనూ చిరుగులు.

"ఇదొక్కటేనా పట్టా?" అని టీచరమ్మగారు అడిగారు.

"ఒక్కటేనమ్మా. కౌలు చేను. ఏడాదంతా దీని మీదే ఉన్నాం. తడిస్తే తాలుకాయ కింద కూడా ముట్టుకోరు." తెల్లబడి, రంగు పోయిన కాయని తాలు అంటారు. ఆయన ఆ మాట మెల్లిగా అన్నాడు. ఆకాశంతో బేరం లేదన్నట్టు పట్టా అంచులు లాక్కోవడం మొదలుపెట్టాడు.

టీచరమ్మగారు ఆయన్ని చూశారు. తను గీసిన గీతల్ని చూశారు. తర్వాత వేసిన ఈల నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు. చాలా పొడుగు ఈల. నాలుగంతస్తుల తలుపులూ తెరుచుకున్నాయి. ఎవరో పాలు పొయ్యి మీదే వదిలేసి దిగారు, వాసన బట్టి చెబుతున్నాను.

"బండ్లన్నీ బయటికి."

నా నోరు ఊరుకోదు కదా. "టీచరమ్మగారూ, సెల్లారులో సామాను పెట్టకూడదని రూలు కదండీ" అన్నాను.

"రూలు సంగతి నేను చూసుకుంటాను. నువ్వు నీ కారు సంగతి చూసుకో."

కార్లన్నీ గేటుకి ముఖం పెట్టి, న్యూట్రల్లో ఉన్నాయి. తాళాల కోసం పైకి పరిగెత్తక్కర్లేకపోయింది. లుంగీలవాళ్ళం, నైటీల మీద తువ్వాలు వేసుకున్న ఆడవాళ్ళు, ఎవరి కారో చూసుకోకుండా తోశాం. ఒక్కోటి ఆవిడ ఖాళీ గడిలోకి ముక్కు పెట్టి, తిరిగి, గేటు దాటి, సందులో వరసగా నిలబడ్డాయి. ఈల ఆగలేదు. ఆ వయసులో అంత ఊపిరి ఎక్కడిదో ఏమో.

ఒక్క కారు మాత్రం కదల్లేదు. సెల్లారు నడిమధ్యలో, గేటుకి ఎదురుగా, కాంట్రాక్టరు గారి కొత్త కారు. దాని వెనక సగం సెల్లారు ఇరుక్కుపోయింది. ఆయన మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు, గుప్పిట్లో తాళం బిగించి పట్టుకుని. మొదటి చినుకులు రేకు మీద పడ్డాయి.

"కొత్త బండండీ. నెల కూడా కాలేదు. వానలో పెట్టమంటే ఎట్లా?"

టీచరమ్మగారు ఈల తీశారు. గొంతు పెంచలేదు. "కారు తడిస్తే మీరు తుడుచుకుంటారు. కాయ తడిస్తే ఆయన ఏం తుడుచుకుంటాడండీ?"

కాంట్రాక్టరు గారు గేటు వైపు చూశాడు. అక్కడ ఆ రైతు ట్రక్కు మీద బోర్లా పడుకుని, పట్టా చాలనిచోట తన ఒంటితో కప్పుతున్నాడు. ఈయన కారు తలుపు తీశాడు, హ్యాండ్ బ్రేకు వదిలాడు, దిగి వెనక్కి వెళ్ళి భుజం ఆనించాడు. తాళం తిప్పితే కదిలే కారుని ఎందుకు తోశాడో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ సాయంత్రం మా సెల్లారులో తొయ్యడమే మర్యాద అనిపించింది.

ఆ ట్రక్కే కాదు, దాని వెనకున్న మరో రెండు కూడా లోపలికి దిగాయి. చేతులు మార్చుకుంటూ టిక్కీలు అందించుకున్నాం. టీచరమ్మగారు వాటిని కూడా గడుల్లోనే పేర్పించారు. ఈ గీత ఇవతల దర్శి ఆయనవి, ఆ గీత అవతల రెండో ఆయనవి. ఒకరి కాయ ఒకరి కాయలో కలవకూడదు. చివరి టిక్కీ దిగుతుండగా వాన దబ్బున పడింది. కార్లు తడిశాయి. నేను మొహం పైకెత్తి నోరు తెరిచి నిలబడ్డానట, మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

యార్డు తెరిచేదాకా కాయలు సెల్లారులోనే ఉన్నాయి. వెళ్ళేరోజు దర్శి ఆయన ట్రక్కు ఎక్కబోతూ టీచరమ్మగారి గడి దగ్గర ఆగాడు. "మీకు బండి లేదంట కదమ్మా. ఈ చోటు దేనికి ఉంచుకున్నారు?" అని అడిగాడు.

"ఉంచుకున్నానా? మొన్నంతా నీ టిక్కీలున్నది అందులోనేగా" అన్నారు ఆవిడ.

ఆయన రెండు చేతులూ జోడించాడు. ఆవిడకి దండాలంటే చిరాకు. ఈల వేసి ట్రక్కు కదిలించారు.

ఆ తర్వాత మొదలైంది. కాయ పోయింది గాని ఘాటు పోలేదు. నాలుగో అంతస్తులోవాళ్ళు కూడా తుమ్మారు. కార్లు లోపలికి తెచ్చి ఏసీ వేసినవాళ్ళకి కళ్ళు కనపడలేదు. ఆ సెల్లారు దుమ్ము లోపల ఎక్కడ చేరిందో గాని, ఇన్నేళ్ళు గడిచినా మా కార్లలో ఎవరు ఎక్కినా తుమ్మకుండా దిగరు. నా కారు కొనడానికి వచ్చినాయన తుమ్ముతూనే వెళ్ళిపోయాడు.

అపార్ట్‌మెంటు మీటింగులో ఎవరో అననే అన్నారు: సామాను పెట్టకూడదని చెప్పినావిడే సెల్లారు నిండా సామాను పెట్టించిందని. అందరం తలలు దించుకున్నాం. టీచరమ్మగారు మాత్రం నిజమేనన్నారు. "నేను అవుట్" అన్నారు. చెంగు మొహానికి చుట్టుకుని, చీపురు తీసుకుని సెల్లారులోకి దిగారు. నేనూ చీపురు అందుకోబోతే, అవుటయింది నువ్వు కాదు, పక్కకి నిలబడు అన్నారు. తుమ్మడం, చిమ్మడం, మళ్ళీ తుమ్మడం. రెండు స్తంభాలు దాటాక లిఫ్టు తలుపు తెరుచుకుంది. కాంట్రాక్టరు గారు. చేతిలో వాళ్ళ ఇంటి చీపురు.

"నేనూ అవుటేనండీ. హ్యాండ్ బ్రేకు."

ఆవిడ ఆయన్ని కింద నుంచి పైదాకా చూసి, అవతలి మూల చూపించారు. ఇద్దరూ చెరో మూల నుంచి చిమ్ముకుంటూ మధ్యకి వచ్చారు.

పోయిన వానాకాలంలో ఆవిడ నిద్రలోనే వెళ్ళిపోయారు. సమాధుల తోట దగ్గర మేం కార్లు దిగాక పాస్టరుగారు వాటి వైపు విచిత్రంగా చూశారు. ఎవరూ చెప్పకపోయినా అన్నీ ఒకే వరసలో, రోడ్డుకి ముఖం పెట్టి ఉన్నాయి. నేను వెళ్ళి ఒకదాన్ని కాస్త తోసి చూశాను. కదిలింది. ఈలని వాచ్‌మన్ సెల్లారు గేటు పక్కన మేకుకి తగిలించాడు. ఇప్పటికీ అక్కడే ఉంది.

ప్రమాణం చేసి మొదలుపెట్టాను కాబట్టి చివర ఒకటి ఒప్పుకోవాలి. బస్సు ఆగడం నిజం. దూడకి పూచీ మా నాన్న. తుమ్ములు ఏడు కాదు, తొమ్మిది. మీరు నమ్మరని తగ్గించాను. కల్పించింది ఒక్కటే. ఆవిడ గడి ఖాళీగా లేదు. మేనల్లుడు ఎవరో ఫ్లాటు అద్దెకిచ్చాడు. వచ్చినవాళ్ళకి బండి లేదు గాని, గడిలోకి కాంట్రాక్టరు గారి రెండో కారు వచ్చి చేరింది. ఆయన్నొక్కణ్ణే ఏమనను? గీతలు చెరిగిపోతుంటే మేమెవరమూ సున్నం పొయ్యలేదు. ఇప్పుడు కారు తిప్పాలంటే నలుగురు దిగాలి.

నిన్న ఆదివారం. ఎప్పటిలాగే స్కూటరు పట్టా తీసి తోశాను. రెండో అడుగుకే, ఈసారి కాస్త పక్కకి జరిపి పెట్టిన ఆ కారు బంపరు తగిలింది. మూడో అడుగుకి చోటు లేదు. అక్కడే నిలబడిపోయాను. కదలని బండి బండి కాదని ఆవిడ అన్న మాట చెవిలో ఉంది, చేతుల్లో మా నాన్న స్కూటరుంది.

వెళ్ళి మేకు మీది ఈల తీసి ఊదాను. నాకు గాలి ఎక్కువ, చప్పుడు తక్కువ. మళ్ళీ ఊదాను. పైన ఎక్కడో తలుపు తెరిచిన చప్పుడైంది. తర్వాత మెట్ల మీద చెప్పులు. లిఫ్టు కోసం ఆగలేదు కాంట్రాక్టరు గారు. నన్ను చూశాడు, స్కూటరుని చూశాడు, తన బంపరు చూశాడు.

"హ్యాండ్ బ్రేకు వెయ్యలేదయ్యా. తోసుకోకపోయావా?"

అంటూనే వెనక్కి వెళ్ళి భుజం ఆనించాడు. ఇద్దరం కలిసి ఆ కారుని సందులోకి తోశాం. నేను వచ్చి స్కూటరుని మూడో అడుగు తోశాను. వెనక్కి మూడూ తోశాను. స్టాండు వెయ్యకుండా పట్టుకుని నిలబడ్డాను. ఆయనకి అర్థమైంది. నా చేతిలోంచి ఈల తీసుకుని, చొక్కా అంచుతో తుడిచి, రెండో ఈల ఆయనే వేశాడు.

నాకంటే బాగా వేశాడు.